పిన్ని పెళ్ళిలో బూర ఎందుకు పలకలేదంటే

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మేముండే సందు చివర రేకుల కప్పు వేసిన గదులు ఒక వరుసగా ఉండేవి. మాది సందు మొదట్లో డాబా ఇల్లు. మా నాన్న ఎర్రమంజిల్‌లో ప్రభుత్వోద్యోగి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఆ రేకుల గదుల వైపు వెళ్ళొద్దని నాకు రోజూ చెప్పేవాడు. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. ఆఖరి గదిలో బూర మామ ఉండేవాడు మరి.

ఆయనకు అసలు పేరొకటి ఉంది. సందులో పిల్లలందరికీ మాత్రం ఆయన బూర మామే. పెళ్ళిళ్ళకు వెళ్ళే బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. ఆ ట్రంపెట్‌ను ఆయన ఎప్పుడూ బూర అనే అనేవాడు. గది ముందు అరుగు మీద నులకమంచం, దాని మీద పాత తువ్వాలు, తువ్వాలు మీద బూర. పెళ్ళిళ్ళు లేని మధ్యాహ్నాల్లో నానబెట్టిన చింతపండుతో దాన్ని తోమి, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. ఎండ దాని మీద పడితే ఎదురుగోడ మీద ఒక పసుపు మచ్చ వణికేది. ఆ మచ్చను చేత్తో పట్టుకోవాలని ప్రయత్నించిన రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి.

నాకు పదేళ్ళు వచ్చాక తుడిచే పని కొంచెం నాకు అప్పజెప్పాడు. బూర మీద వేళ్ళతో నొక్కే మీటలు మూడు ఉంటాయి. వాటి కింద, గొట్టాల లోపల, మూడు పిస్టన్లు. ఒక్కొక్కటీ నా బొటనవేలంత లావు. వాటి ఒంటి నిండా గుండ్రటి రంధ్రాలు. మీట నొక్కితే పిస్టన్ కిందికి దిగి, గాలి ఇంకో దారి పడుతుంది, స్వరం మారుతుంది. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి కానీ ఒకటి కాదు. ఒకదాని చోట ఒకటి పెడితే రంధ్రాలు కలవవు, గాలి లోపలే ఆగిపోతుంది. కొత్త బూరల్లో పిస్టన్ల మీద అంకెలుంటాయట. ఆయన బూర మీద అవి ఎప్పుడో అరిగిపోయాయి. ఏది ఏదో ఆయన వేళ్ళకే తెలుసు.

అందుకని నాకు ఒకే ఒక నియమం పెట్టాడు. "ఒకటి తియ్యి. తుడువు. దాని జాగల అది పెట్టు. పెట్టినంకనే ఇంకోటి ముట్టు. మూడు ఒక్కపారి తీసినవనుకో, నువ్వు పనోడివి కాదు, ఆటోడివి."

పిస్టన్‌ను లోపలికి దించి కొంచెం తిప్పితే, సరైన చోట అది చిట్ మని చిన్న చప్పుడు చేసి కూర్చుంటుంది. ఆ చప్పుడు వినబడేదాకా చెయ్యి తియ్యనిచ్చేవాడు కాదు.

ఇక్కడ ఆయన తాగుడు గురించి చెప్పాలి. దాచి లాభం లేదు, ఈ రాత అంతా దాని గురించే. భార్య పోయాక ఆయన కొన్నేళ్ళు బాగా తాగాడు. ఒక ఊరేగింపులో తూలి పడ్డాడు. బ్యాండు మాస్టర్ ఆయన్ను ముందు వరుసలోంచి తీసి వెనక్కి పంపాడు. వెనకంటే పెద్ద బూర ఊదేవాళ్ళ దగ్గరకి. పాటంతా బుం బుం అనడమే వాళ్ళ పని. అప్పటికి ఆయన కూతురికి పదహారేళ్ళుంటాయి. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఆ ఏడాది బోనాలకు ఆమె తండ్రిని బల్కంపేట ఎల్లమ్మ గుడికి తీసుకెళ్ళి, తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. ఇక ముట్టనని ఆయన మాటిచ్చాడు.

ఆ రోజు నుంచి వాళ్ళింట్లో ఒక ఆచారం మొదలైంది. సాయంత్రం ఆయన పని నుంచి రాగానే గడప బయటే నిలబడి, నోరు తెరిచి "హా" అని ఊపిరి వదిలేవాడు. అక్క గడపలో నిలబడి వాసన చూసేది. అప్పుడు పక్కకు జరిగి దారిచ్చేది. మొదట్లో సందంతా నవ్వింది. "ఏందన్నా, ఇంట్ల సుత ఊదుడేనా?" అని ఎదురింటి ఆటో అన్న ఏడిపించేవాడు. "గీ బాజా ఊదితెనే నాకు బువ్వ" అని ఈయన నవ్వేవాడు. ఏడు నెలలు ఒక్క సాయంత్రం తప్పలేదు.

మాఘమాసంలో మా పిన్ని పెళ్ళి కుదిరింది. పంజాగుట్టలో ఫంక్షన్ హాలు, పొద్దున పదింటికి ముహూర్తం. మా సందు మనిషి ఉన్న బ్యాండునే మాట్లాడారు. దాంతో మాస్టర్ ఆయనతో ఒక మాట అన్నాడట: ఈ పెళ్ళికి ముందు వరుసలో నువ్వే ఊదు, బాగా నడిస్తే ఇక అక్కడే ఉందువు. ఆ సంగతి అక్క మా అమ్మతో చెబుతుంటే విన్నాను. చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళి రోజు తెల్లవారుతూనే ఆయన బూరను విప్పి తుడిచి, ఊది చూసుకున్నాడు. ఒకే ఒక వరుస ఊదాడు. మా ఇంట్లో ముగ్గు వేస్తున్న ఆడవాళ్ళు చేతులాపి విన్నారు. తర్వాత దాన్ని తువ్వాలులో చుట్టి మంచం మీద పెట్టి, స్నానానికి వెళ్ళాడు.

పెళ్ళికి విజయవాడ నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకు హైదరాబాదులో ఏమేం తెలుసో రెండు రోజులుగా గొప్పలు చెబుతున్నాను. బూర నాకు బాగా తెలుసునని కూడా చెప్పాను. వాణ్ణి ఆ అరుగు దగ్గరకు తీసుకెళ్ళాను. ఊది చూపించమన్నాడు. ఊదాను. నా నోటికి అది ఎప్పుడూ పలికేది కాదు, అప్పుడూ పలకలేదు.

"ఏంట్రా, ఇదేనా నీకు తెలిసింది?"

"ఊదడం కాదు, లోపలంతా తెలుసు. విప్పగలను."

"ఓహో, మెకానిక్కువన్నమాట. విప్పు చూద్దాం."

మూడూ విప్పాను. ఒక్కొక్కటీ విప్పి పెట్టి చూపిస్తే వాడికి ఏం గొప్పగా ఉంటుంది? మూడింటినీ తీసి తువ్వాలు మీద వరుసగా పేర్చాను. వాడు "భలే ఉన్నాయిరా" అంటూ రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. లోపల నుంచి బూర మామ చెంబు కింద పెట్టిన చప్పుడైంది. నేను వాడి చేతుల్లోంచి లాక్కుని, దొరికినది దొరికిన గొట్టంలో దించేశాను. చిట్ మందో లేదో గుర్తులేదు. వినాలనే అనుకోలేదు. తువ్వాలు చుట్టి, ఇద్దరం పరుగెత్తాం.

సరిగ్గా పెట్టానో లేదోనన్న అనుమానం నాకు లేకపోలేదు. ఇన్నేళ్ళూ నాతో నేను "చిన్నపిల్లాణ్ణి, తెలియక చేశాను" అని చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. సందు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను. వెనక్కి వెళ్ళి చెబుదామనుకున్నాను. మా నాన్న కొత్త పంచె కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పలేదు.

మగపెళ్ళివారు అనుకున్న దానికంటే ముందే వచ్చేశారని కబురొచ్చింది. బ్యాండువాళ్ళు నాలుగు ఆటోల్లో ఇరుక్కుని హడావుడిగా హాలు దగ్గర దిగారు. మళ్ళీ ఊది చూసుకునే వ్యవధి ఎవరికీ లేదు. ఎర్ర కోట్లు, బంగారు అంచు టోపీలు. బూర మామ ముందు వరుస మధ్యలో నిలబడ్డాడు. కోటు కొంచెం వదులైంది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. నేను మా నాన్న పక్కన పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడ్డాను. అక్క ఆడవాళ్ళ వెనక, మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

ఆ బ్యాండులో పద్ధతి ఏమిటంటే, పాట పల్లవిని ముందు నిలబడ్డ బూర ఒక్కటే ఎత్తుకుంటుంది. అది ముగిశాక మిగతా అందరూ అందుకుంటారు. మాస్టర్ కర్ర ఎత్తాడు. డోలు ఒక్క ఉరుము ఉరిమి ఆగింది. బూర మామ కళ్ళు మూసుకుని బూర పెదవులకు ఆనించాడు.

బుగ్గలు పొంగాయి. మెడ నరాలు లేచాయి. బూరలోంచి ఏమీ రాలేదు.

మళ్ళీ ఊదాడు. ముఖం కోటు రంగుకు తిరిగింది. చప్పుడు మాత్రం లేదు. పద్నాలుగు మంది బ్యాండువాళ్ళు వాయిద్యాలు ఎత్తిపట్టుకుని ఎదురుచూస్తున్నారు. పెళ్ళికొడుకు కారు దిగాలా వద్దా అన్నట్టు ఒక కాలు బయట పెట్టి కూర్చున్నాడు. మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన గట్టిగా అన్నాడు: "ఏంటయ్యా, పొద్దున్నే మొదలెట్టేశావా? ఊపిరంతా సీసాలో వదిలొచ్చావా?" అందరూ ఘొల్లుమన్నారు.

బూర మామ కళ్ళు తెరిచాడు. ఒక పిస్టన్ మూత తిప్పి పైకి లాగి చూశాడు. అంతే, ఆయనకు అర్థమైంది. తలెత్తి జనంలో వెతికాడు. ఆ చూపు మొహాల మీద నుంచి జరిగి జరిగి నా మీద ఆగింది. ఆయన చూపు నా మీద నుంచి మా నాన్న మీదకు వెళ్ళింది. మళ్ళీ నా దగ్గరకు వచ్చింది. తర్వాత తల దించుకున్నాడు.

"ఏమైందిరా?" అని మాస్టర్ పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

"పిస్టన్లు మారినయ్ మాస్టర్. నేనే పెట్టిన. పొద్దుగాల తుడుస్తుంటే."

మాస్టర్ ఒక క్షణం ఆయన్నే చూశాడు. "ఇరవై ఏండ్ల సంది ఊదుతున్నవ్. సోయిల ఉన్నోడు పిస్టన్లు మార్చి పెడతడారా?"

ఆ మాటకు ఉన్నది ఒక్కటే జవాబు, అది పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడి ఉంది. బూర ఊదేవాడు నిద్రలో కూడా చెయ్యని తప్పు అది. తన తప్పేనని ఒప్పుకున్నాడంటే తాగానని ఒప్పుకున్నట్టే. అది ఆయనకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. మాస్టర్ ఆయన్ను వెనక్కి పొమ్మని సైగ చేసి, ఇంకొకణ్ణి ముందుకు పిలిచాడు. పాట మొదలైంది. మా నాన్న నా భుజం తట్టి "చూశావా, అందుకే అటు వెళ్ళొద్దంటాను" అన్నాడు. నేను తలూపాను.

తల తిప్పి చూస్తే అక్క అక్కడ లేదు.

ఆ సాయంత్రం నేను మా డాబా మీద నుంచి చూశాను. ఆయన ఎర్ర కోటు చంకలో పెట్టుకుని వచ్చాడు. గడప బయట నిలబడి, ఎప్పటిలాగే నోరు తెరిచి "హా" అన్నాడు. అక్క వాసన చూసింది. పక్కకు జరగలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. మరునాటి నుంచి ఆమె గడపలోకి రావడం మానేసింది. ఆయన మాత్రం మానలేదు. ఖాళీ గడప ముందు నిలబడి, "హా" అని, తర్వాతే లోపలికి అడుగుపెట్టేవాడు. అప్పటికి సందులో ఎవరూ నవ్వడం లేదు.

నాలుగో రోజు నన్ను పిలిచాడు. పరుగెత్తి తప్పించుకుందామనుకున్నాను, కానీ వెళ్ళాను. మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుని బూర నా ఒళ్ళో పెట్టాడు.

"ఒకటి తియ్యి" అన్నాడు. తీశాను. "తుడువు." తుడిచాను. "పెట్టు. తిప్పు. ఇన్నవా? ఇప్పుడు రెండోది."

మూడూ అయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు. నాన్నతో చెప్పేస్తానన్నాను. ఆయన నా చేతుల్లోంచి బూర మెల్లగా తీసుకున్నాడు.

"ఇప్పుడు చెప్తె భయానికి చెప్తవ్. మీ నాయిన నిన్ను కొడ్తడు, నన్ను తిడ్తడు. గంతే. భయం పోయినంక చెప్పు బిడ్డా."

"మరి అక్కకి?"

గుడ్డతో బూర అంచు తుడుస్తూ ఉండిపోయాడు. "అది నా బిడ్డ. నా నోటితోని చెప్పిన, తాగలేదని. నమ్మాలె. ఇంకొకరు సాక్ష్యం చెప్తెనే నమ్మితే గది నమ్ముడా?" అన్నాడు. గుడ్డ మడిచి, "బూర నీ చేతికిచ్చింది నేను. ఇచ్చినోనిదే తప్పు. పో, ఆడుకోపో" అన్నాడు.

నేను వెళ్ళి ఆడుకున్నాను. అదే ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

ఆయనకు ముందు వరుస మళ్ళీ దక్కలేదు. రెండేళ్ళకు అక్క పెళ్ళై బల్కంపేట వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆయనా అక్కడికే వెళ్ళిపోయాడు. రేకుల గదులు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం ఒక కథ మిగిలింది. పిన్ని పెళ్ళిలో తాగొచ్చి గాలి ఊదిన బూరవాడి కథ. ఏ శుభకార్యానికి నలుగురం కలిసినా ఎవరో ఒకరు బుగ్గలు పొంగించి అభినయిస్తారు. మేమంతా నవ్వుతాం. నేనూ నవ్వాను. అంతకంటే ఘోరం, ఆఫీసులో రెండు మూడుసార్లు నేనే ఆ కథ చెప్పాను. బుగ్గలు కూడా పొంగించాను. పదేళ్ళప్పుడు మాట్లాడకపోవడానికి భయం కారణం. నలభై ఏళ్ళప్పుడు నవ్వించడానికి ఏం కారణం చెప్పను?

మొన్న పిన్ని కూతురి పెళ్ళిలో ఆ కథ మళ్ళీ వచ్చింది. నవ్వులు పూర్తవకముందే నేను లేచి బయటికి వచ్చాను. హాలు మెట్ల మీద బ్యాండు కుర్రాడొకడు ట్రంపెట్ తుడుచుకుంటున్నాడు. ఒక పిస్టన్ తీశాడు, తుడిచాడు, దించాడు, తిప్పాడు. చిట్ మంది. అప్పుడు రెండోది తీశాడు. అక్కడే నిలబడిపోయాను. "ఏం కావాలె సార్?" అని వాడు అడిగితే ఏమీ వద్దన్నాను.

అక్క ఎక్కడుందో నాకు తెలియక కాదు. బల్కంపేటలో ఎల్లమ్మ గుడికి వెళ్ళే దారిలో ఆమెకు పూల దుకాణం ఉంది. ఎన్నోసార్లు ఆ దారిన పోతూ రోడ్డుకు అవతలి పక్కకు మారేవాణ్ణి. ఆ పెళ్ళి తర్వాతి మంగళవారం మారలేదు.

నన్ను ఆమె ఆనవాలు పట్టడానికి కొంచెం సమయం పట్టింది. ఆమె జుట్టు సగం తెల్లబడింది. దుకాణం వెనక గది గోడకు ఎర్ర కోటులో ఆయన ఫోటో, దానికి ఆనాటి బంతిపూల దండ. నేను గడప బయటే నిలబడి మొత్తం చెప్పాను. మూడు పిస్టన్లూ, మా పెద్దమ్మ కొడుకూ, పన్నీరు బుడ్డీ, నాలుగో రోజు ఆయన అన్న మాటా. ఆమె పూలు కడుతూనే ఉంది. సగంలో దారం తెగింది. మళ్ళీ ముడి వెయ్యలేదు.

"వాసన లేకుండె తమ్మీ" అంది చివరికి.

నాకు అర్థం కాలేదు.

"గా దినం. హా అన్నడు గదా. నేను సూసిన. మందు వాసన లేకుండె. పెండ్లిల కిళ్ళీ ఏసుకున్నడు, గా వాసనే ఉండె. కిళ్ళీ ఏసి దాస్తుండనుకున్న. అందరు అన్నరు, నేను అందర్ని నమ్మిన. నా ముక్కును నమ్మలే, మా నాయినను నమ్మలే." కళ్ళు తుడుచుకోలేదు. "పొయ్యేదాక ముట్టలే. ఇక్కడికి వచ్చినంక సుత రోజు గీ గడప కాడ హా అనేటోడు. ఎవలు అడుగకున్న."

క్షమించమని అడగడానికే వెళ్ళాను. అడగకముందే ఆమే అంది: "నాకు చెప్తివి, మంచిది. గని ఆయన్ను అన్నది మందిల. మందిలనే చెప్పు."

చెబుతానన్నాను. అప్పుడామె ఒళ్ళో పూలు పక్కన పెట్టి లేచి, గడపలోంచి పక్కకు జరిగింది. "రా. చాయ్ తాగి పో" అంది.

నేనిప్పుడు ఎర్రమంజిల్‌లోనే, మా నాన్న చేసినటువంటి ఉద్యోగమే చేస్తున్నాను. ఒక ఫైలు పూర్తి చేసి దాని చోట పెట్టనిదే ఇంకోటి ముట్టనని మా ఆఫీసులో నాకు పేరు. కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూసి నేర్చుకోమని చెబుతారు. ఆ పద్ధతి ఎక్కడిదని అడిగితే మా నాన్న దగ్గర నుంచి వచ్చిందని చెప్పేవాణ్ణి. అదీ అబద్ధమే. అది సందు చివర రేకుల గది అరుగు మీద, పులిసిన చింతపండు వాసనలో, బూర మామ నేర్పినది. ఇంట్లో ఏ మూత పెట్టినా, ఏ తలుపు గడియ వేసినా, చిట్ మనే ఆ చిన్న చప్పుడు కోసం నా చెవి ఇప్పటికీ ఆగుతుంది.

మా పిన్నీ, పెద్దమ్మ కొడుకూ, ఆ రోజు పంజాగుట్ట హాలు ముందు నవ్విన వాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళూ ఇది చదువుతారు. వాళ్ళ కోసం మళ్ళీ ఒకసారి రాస్తున్నాను. ఆయన ఆ రోజు తాగలేదు. పిస్టన్లు మార్చి పెట్టింది నేను.